విశ్వసనీయ వర్గాలు

"ఇవాళ ఎన్ని కవర్లు?"

కంచం ముందు కూర్చుని చెయ్యి కడుక్కుంటూ మా ఆయన అడిగాడు. పెళ్ళయిన పదమూడేళ్ళలో అన్నం దగ్గర ఆయన నన్ను అడిగింది ఒకటే మాట, కూరేంటని. రెండువేల ఒకటి అక్టోబరులో ఆ మాట మారింది.

"మూడు," అన్నాను పప్పు వడ్డిస్తూ.

"ఏంటవి?"

"ఒకటి బియ్యప్పిండి. ఒకటి విభూతి. ఇంకోటి మొహానికి రాసుకునే పౌడరు. శుభలేఖలో పోసి పంపారు."

"శుభలేఖలోనా? ఎవరిది?" ఎడమ చేత్తో జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. "చెప్పవే, నాలుగింటికి ఫ్యాక్స్ చెయ్యాలి."

మా ఊరు వినుకొండకి పద్నాలుగు కిలోమీటర్లు. మా ఊళ్ళోని ముప్పై పడకల ఆసుపత్రిలో నేను ల్యాబ్ టెక్నీషియన్ని. పేరు కోటేశ్వరి. మా ఆయన లక్ష్మీకాంత్ ఒక దినపత్రికకి మండల విలేకరి. పత్రికవాళ్ళు ఆయనకి జీతం ఇవ్వరు, కార్డు ఇస్తారు. ఇల్లు నా జీతంతో నడుస్తుంది, ఆయన పేరుతో తెలుస్తుంది. 'విలేకరి గారిల్లు ఎక్కడ?' అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఆసుపత్రి నుంచి వచ్చి, పొద్దున వండినవి వేడి చేసి, రెండింటికి ఆయనకి వడ్డిస్తాను. ఆయన తింటూ అడుగుతాడు, నేను చెబుతాను. మర్నాడు పేపర్లో 'విశ్వసనీయ వర్గాల సమాచారం ప్రకారం' అని వస్తుంది. ఆ వర్గాలు నేనే. అప్పుడు నా చేతిలో పప్పు గరిటె ఉంటుంది.

అమెరికాలో ఎవరో ఉత్తరాల్లో ఆంత్రాక్స్ పొడి పెట్టి పంపారు. మనుషులు చనిపోయారు. ఆ వార్త వచ్చిన పది రోజులకి మా మండలంలో తెల్లగా ఉన్న ప్రతిదాని మీదా అనుమానం మొదలైంది. కవరు అంచున పిండి కనిపిస్తే పోస్టుమాస్టరు గారు తలుపు మూసి ఎస్సైకి ఫోన్ చేసేవారు. ఎస్సై దాన్ని పాలిథిన్ సంచిలో వేయించి కానిస్టేబుల్‌తో మా ఆసుపత్రికి పంపేవాడు. పద్ధతి ప్రకారం అయితే దాన్ని విప్పకుండా పెద్ద ల్యాబుకి పంపాలి. మా డాక్టరు గారు గుంటూరులో ఒకరోజు శిక్షణకి వెళ్ళొచ్చారు. వచ్చేటప్పుడు ఒక అట్టపెట్టె తెచ్చారు. అందులో రెండు మాస్కులు, ఆరు జతల గ్లవుజులు, ఆంత్రాక్స్‌కి వాడే సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రల పట్టీలు, ఒక ఫైలు ఉన్నాయి. ఫైలు తీసి నాకిచ్చి పెట్టెని తన బీరువాలో పెట్టి తాళం వేశారు.

"ఇది కమిటీదమ్మా. మనం వాడకూడదు. ఈ ఫైలు ఇంగ్లీషులో ఉంది, మీరు చదివి తెలుగులో ఒక పేజీ రాసిపెట్టండి. నేను మీటింగులో చదవాలి."

కమిటీలో డాక్టరు గారు, ఎమ్మార్వో గారు, ఎస్సై ఉన్నారు. పొడి ముట్టుకునే ఇద్దరం లేం. ఒకరు నేను. రెండోవారు మస్తాన్‌బీ, కాంట్రాక్టు మీద ఊడ్చే మనిషి.

డాక్టరు గారు వరండాలో నిలబడి, "చూసి చెప్పండి కోటేశ్వరి గారూ," అనేవారు. నేను సంచి విప్పి, కాస్త పొడి గాజు పలక మీద వేసి ఒక చుక్క అయోడిన్ వేసేదాన్ని. నీలం తిరిగితే పిండి. తిరక్కపోతే మైక్రోస్కోపు కింద చూసేదాన్ని. నెల రోజుల్లో అరవై పైన చూశాను. అన్నీ ఇళ్ళలో ఉండేవే. మస్తాన్‌బీ తడిగుడ్డతో బల్ల తుడిచేది.

"ఈ పొడికే చచ్చేదాన్నయితే మేడమ్, మిరక్కాయ కల్లాల్లోనే చచ్చిపోయుండేదాన్ని," అనేది. "పదేళ్ళు తొడిమలు తీశా. తుమ్మి తుమ్మి ముక్కూడిపోవాల. ఉందిగా ఇంకా." ముక్కు పట్టుకుని చూపించేది. బయట ఉన్న డాక్టరు గారికి వినిపించేలా నవ్వేది.

మొదటి కవరు వచ్చిన రోజు మా అత్తగారు సుబ్బరావమ్మ గుమ్మంలోనే నన్ను ఆపింది. "ముట్టుకున్నావా? లోపలికి రాకు. పెరట్లో తలమీంచి పోసుకుని, చీర జాడించి ఆరేసి రా." బయట చేరిన మూడు రోజులూ ఆమె చెప్పే మాటలే ఇవి. ఆమెకి తెలిసిన రక్షణ పద్ధతి అదొక్కటే. తడి జుట్టుతో లోపలికి వచ్చాక, "ఎసరు మరుగుతోంది, బియ్యం కడిగి పొయ్యి," అంది. పెరటి నుంచి పొయ్యి దగ్గరికి పది అడుగులు ఉంటుంది. ఆ పది అడుగుల్లో నా చేతులు ముట్టకూడనివి కాస్తా వండిపెట్టేవి అయ్యాయి. అప్పుడు దాన్ని గురించి ఆలోచించలేదు. బియ్యం కడిగాను.

నవంబరు మొదటి ఆదివారం పొద్దున పక్క పాలెంలో యలమందయ్య మందలో గొర్రెలు పడిపోయాయి. రాత్రి బాగానే ఉన్నవి తెల్లారేసరికి పదహారు పోయాయి. ముక్కుల్లోంచి రక్తం వచ్చిందని తర్వాత తెలిసింది. మా వైపు ఒక పద్ధతి ఉంది. చచ్చినదాన్ని తినరు. కాళ్ళు తన్నుకుంటుండగా కోస్తే అది చచ్చినది కాదు. యలమందయ్య మస్తాన్‌బీ మొగుడు బుడేని పిలిపించాడు. ఊళ్ళో ఏ ఇంటికైనా జీవాన్ని కోసేది బుడేనే. ఇంకా తన్నుకుంటున్న ఏడింటిని కోయించి, మాంసం తాటాకుల మీద పోగులు పెట్టి అమ్మాడు. తోళ్ళు బుడే తీసుకున్నాడు. పోగు సగం ధరకి వస్తే ఎందుకు వచ్చిందని మా వైపు అడగరు. ఎవరైనా అడిగితే, మిగిలినవాళ్ళు వాళ్ళవంక అదోలా చూస్తారు.

మా అత్తగారు రెండు పోగులు తెచ్చింది. "లేత మాంసం, చూడు," అంది. పెరటి కుళాయి దగ్గర కూర్చుని గంటసేపు కడిగి ముక్కలు కోశాను. శనివారం కత్తిపీటకి తెగిన గాయం కుడి మణికట్టు మీద ఉంది. మాంసంలోంచి కారిన రక్తం గడ్డకట్టలేదు, నల్లగా పలచగా వచ్చింది. చూశాను. ఆ ముందు వారమే ఫైలు చదివి తెలుగులో రాసిపెట్టాను. 'ఆంత్రాక్స్ అనేది పశువుల వ్యాధి. మన పల్లెల్లో దొమ్మ అంటారు. చనిపోయిన పశువు రక్తం గడ్డకట్టదు.' నా దస్తూరీతో రాసిన వాక్యం అది. రాసింది ఆసుపత్రిలో, కడుగుతున్నది ఇంట్లో. ఇంట్లో ఉన్నప్పుడు నాకు ఏమీ తెలియదని వాళ్ళూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. కారం దట్టించి కూర చేశాను. మా అమ్మాయి తేజశ్రీ రెండుసార్లు వేయించుకుంది.

గురువారం మస్తాన్‌బీ మెడ చుట్టూ కొంగు చుట్టుకుని వచ్చింది. ఎండలో ఎందుకలా అని అడిగితే తీసి చూపించింది. మెడ పక్కన రూపాయి బిళ్ళంత పుండు. చుట్టూ నీటిపొక్కులు, నడుమ నల్లగా. మెడంతా వాచింది.

"నొప్పి లేదు మేడమ్. దురదంతే. ఆదివారం తోళ్ళు భుజాన మోశా, ఏదో పురుగు ముట్టింది. ఇంకో వారంలో ఉపవాసాలు. నెల మొదలయ్యేలోగా తగ్గిపోద్దిలే."

పొద్దున ఆసుపత్రి ఊడ్చి, మధ్యాహ్నం బుడే కొట్టంలో తోళ్ళకి ఉప్పు పట్టించేది ఆమే. కొట్టాన్ని అందరూ బుడే వ్యాపారం అనేవాళ్ళు. ఆమె కూడా.

పొక్కు నీరు పలక మీద తీసి, రంగు వేసి చూశాను. పొడవాటి కడ్డీలు, ఒకదాని కొసన ఒకటి, వెదురు కణుపుల్లాగా. ఫైల్లో ఉన్న బొమ్మ అదే. అరవై కవర్లలో వెతికింది ఇక్కడ కనిపించింది. డాక్టరు గారి గదికి వెళ్ళాను.

"దొరికింది సార్," అన్నాను.

ఆయన కుర్చీ వెనక్కి జరిపారు. "ఏ కవర్లో?"

"కవర్లో కాదు. మస్తాన్‌బీ మెడ మీద."

వచ్చి మైక్రోస్కోపులో చూశారు. చాలాసేపు చూశారు. దాని లైటు ఆయనే ఆర్పేశారు.

"ఈ నెలలో ఈ మాట రాస్తే ఏమవుతుందో తెలుసా? కలెక్టరు గారి నుంచి ఢిల్లీ దాకా అందరూ ఇక్కడే కూర్చుంటారు. శాంపిల్ ఎందుకు విప్పారు, ఎవరు విప్పమన్నారు అని అడుగుతారు. మీ ఉద్యోగం పోతుంది, నాదీ పోతుంది. మామూలు పుండు అని రాయండి."

"పెన్సిలిన్ స్టోర్లో అయిపోయింది. పెట్టెలో మాత్రలున్నాయి కదా సార్."

"అవి కమిటీవని చెప్పానా? అవుట్ పేషెంట్ క్యాప్సూల్స్ ఇవ్వండి, మూడు రోజులకి."

రాశాను. క్రమసంఖ్య 398. షేక్ మస్తాన్‌బీ, 35 సంవత్సరాలు. మామూలు పుండు. నా చేత్తోనే రాశాను. శుక్రవారం ఆమె వచ్చి ఊడ్చింది. రాకపోతే కాంట్రాక్టరు ఆ రోజు కూలి కోస్తాడు. శనివారం వాపు గడ్డం కిందికి పాకింది. ఆదివారం రాలేదు. సోమవారం పొద్దున ఊపిరి అందక తెచ్చారు. పదిన్నరకి పోయింది. కేసు షీటులో 'ఆయాసం' అని ఉంది.

ఆ రోజు రెండింటికి మా ఆయన కూర్చున్నాడు. "ఎన్ని కవర్లు?"

"కవర్లు లేవు. మస్తాన్‌బీ పోయింది."

"ఎవరామె?"

తేజశ్రీ పుట్టినరోజులకి మా ఇంటికి వచ్చి అంట్లు తోమేది. ఏడేళ్ళ నుంచీ తోమింది. "మా ఆసుపత్రిలో ఊడ్చే ఆమె. దొమ్మ వచ్చి పోయింది. మీరు రోజూ రాస్తున్న జబ్బే. నేను కళ్ళారా చూశాను. డాక్టరు గారు రాయనివ్వలేదు."

ముద్ద చేతిలోనే ఆగింది. "ఆంత్రాక్సా? ఆ పొడులన్నీ ఊడ్చింది ఆమే కదూ?"

"పొడుల వల్ల కాదు. యలమందయ్య గొర్రెల వల్ల. తోళ్ళకి ఉప్పు పట్టించింది. బుడే ఇంట్లోవాళ్ళకి మందులివ్వాలి, ఆ పోగులు కోసిన ఆడవాళ్ళందర్నీ చూడాలి. మీరు రాస్తే కదులుతారు."

"గొర్రెలు చావడం వార్త కాదే," అన్నాడు. పెరుగు వేయించుకోకుండా లేచాడు. పెరుగు లేకుండా ఆయన లేవడం ఎప్పుడూ చూడలేదు. మనిషి పోయిందని బాధపడ్డాడనుకున్నాను. గిన్నె మీద మూత పెట్టాను.

బుధవారం జిల్లా ఎడిషన్ మొదటి పేజీలో వచ్చింది. 'ఆసుపత్రి స్వీపరు అనుమానాస్పద మృతి. ఆంత్రాక్సేనా?' కింద, చనిపోయినామె మతం తెలిసేలా పూర్తి పేరు. భర్త కొట్టంలో తెల్లని పదార్థం బస్తాల కొద్దీ ఉన్నట్టు విశ్వసనీయ వర్గాల సమాచారం. అత్తగారు పేపరు పట్టుకుని పక్కింటికి వెళ్ళింది. "మావాడి పేరు పడింది చూడండమ్మా, బొమ్మతో సహా."

"అది ఉప్పని మీకు తెలీదా?" అని మా ఆయన్ని అడిగాను.

"ఉప్పని నేను కాదన్నానా? 'తెల్లని పదార్థం' అన్నాను. హెడ్డింగు చివర ప్రశ్నార్థకం పెట్టాను చూడు."

"నేను మీకు చెప్పింది ఏంటి, మీరు రాసింది ఏంటి?"

"నువ్వు చెప్పావని ఎక్కడైనా రాశానా? నీ పేరు రాకుండా కాపాడాను. అది చూడవే?"

ఆ మధ్యాహ్నమే ఎస్సై బుడేని తీసుకెళ్ళాడు. భార్య పోయి మూడు రోజులు కాలేదు. ఇంట్లో ఉన్నవాళ్ళని బయట నిలబెట్టి ఆరు బస్తాల ఉప్పు జీపులో వేసుకున్నారు. నిన్నటిదాకా బుడే కోసిన మాంసం తిన్న వీధి, ఆ కొట్టం ముందు నుంచి నడవడం మానేసింది. ఇదంతా నా నోట్లోంచి వచ్చింది. ఒకచోట నోరు మూసుకున్నాను, ఒకచోట తెరిచాను. మూసుకున్న చోట మనిషి పోయింది. తెరిచిన చోట ఆమె మొగుణ్ణి పట్టుకెళ్ళారు. రెండు చోట్లా నన్ను అడిగింది మగవాళ్ళే. ఆసుపత్రిలో సంతకం కావాలి, ఇంట్లో సమాచారం కావాలి. నాకు తెలిసినదాంతో ఏం చెయ్యాలో ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

నా మణికట్టు సంగతి చెప్పాలి. మస్తాన్‌బీ పోయిన రోజు పొద్దున అక్కడ చిన్న కురుపు ఉంది. మంగళవారానికి పొక్కులొచ్చాయి. బుధవారం చెయ్యి వాచి గాజులు బిగుసుకుపోతే సబ్బు రాసి తీసేశాను. గాజుగుడ్డ చుట్టుకుని వండాను, వడ్డించాను, బట్టలుతికాను, తేజశ్రీకి జడ వేశాను. గురువారం మా అత్తగారి కళ్ళు నా చేతి మీద పడ్డాయి.

"మొగుడు బతికుండగా ఆ బోడి చెయ్యేంటే?" అంది.

కట్టు ఆమెకి కనిపించలేదు. మావాడి పేరు పడిన వారంలో ఇదేం శకునం అని సణుగుతూ పెట్టెలోంచి రెండు గాజులు తీసిచ్చింది. ఎడమ చేతికి వేసుకున్నాను.

శుక్రవారం కానిస్టేబుల్ బుడే కొట్టంలోని పదార్థం పొట్లం కట్టి తెచ్చాడు. రిపోర్టు తీసుకెళ్ళాలని వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. పలక మీద వేశాను. చూడాల్సిన పని లేదు, రాళ్ళుప్పు. అయినా మైక్రోస్కోపులో చూశాను.

డాక్టరు గారు తలుపు దగ్గరికి వచ్చారు. "ఉప్పేనా?"

"ఉప్పే."

"ఇప్పుడే ఇవ్వకండి. హైదరాబాదు నుంచి టీం వస్తోంది. ఉప్పని ఇస్తే, మరి ఆమె దేనివల్ల పోయిందని అడుగుతారు. నాలుగు రోజులు పెండింగులో పెట్టండి."

"నాలుగు రోజులూ బుడే స్టేషన్లో ఉంటాడు సార్."

"నేను పెట్టానా అతన్ని స్టేషన్లో?" అన్నారు. పెట్టింది ఎవరో ఆయనకి తెలుసు. ఊరందరికీ తెలుసు.

ఆయన రౌండ్స్‌కి వెళ్ళాక కట్టు విప్పాను. నడుమ నల్లబడింది. ఎడమ చేత్తో పలక పట్టుకుని పొక్కు నీరు తీశాను, రంగు వేశాను, ఆరనిచ్చాను. కడ్డీలు, వెదురు కణుపులు. భయం వేస్తుందనుకున్నాను, వెయ్యలేదు. మొదట అనిపించింది, ఇప్పుడు నా దగ్గర ఎవరూ కాదనలేని నమూనా ఉందని. ఆ ఆలోచన వచ్చినందుకు కాసేపు అక్కడే కూర్చున్నాను. మస్తాన్‌బీ మెడ మీద ఉన్నప్పుడు అది నాకు నమూనా కాలేదు.

రిజిస్టరు తెరిచి రాశాను. క్రమసంఖ్య 412. కె. కోటేశ్వరి, ల్యాబ్ టెక్నీషియన్, 36 సంవత్సరాలు. చర్మానికి వచ్చిన ఆంత్రాక్స్, అనగా దొమ్మ. ఎలా సోకింది అన్న గడిలో: 'నవంబరు నాలుగో తేదీ ఆదివారం మా ఇంట్లో వండిన గొర్రె మాంసం కడిగినందువల్ల. ఆ మంద మాంసం కొన్న ఇళ్ళన్నిటిలో మాంసం కోసినవారిని పరీక్షించాలి.' రిజిస్టరులో కొట్టివేతలు ఉండకూడదు. అందుకని 398 పక్కన ఖాళీలో 'క్రమసంఖ్య 412 చూడండి' అని రాసి సంతకం పెట్టాను. ఉప్పు రిపోర్టు, ఈ వివరం కార్బన్ పెట్టి మూడు కాపీలు తీశాను. ఒకటి కానిస్టేబుల్‌కిచ్చాను. రెండోది డాక్టరు గారి బల్ల మీద పెట్టాను. మూడోది కవర్లో పెట్టి జిల్లా వైద్యాధికారికి రిజిస్టర్డ్ పోస్టు చేశాను. పోస్టుమాస్టరు గారు కవరుని వెలుగుకి ఎత్తి చూశారు.

"పొడేం లేదుగా అమ్మా?"

"లేదండి. కాగితమే."

పోస్టాఫీసు పక్కనే మందుల షాపు. పెన్సిలిన్ అడిగితే సీసాలు తీసి బల్ల మీద పెట్టాడు. చీటీ కూడా అడగలేదు. ఆసుపత్రి గేటు నుంచి ఆ షాపుకి రోడ్డు అడ్డం, అంతే. ఇరవై అడుగులు. గురువారం నుంచి సోమవారం దాకా నేను ఆ రోడ్డు దాటలేదు. స్టోర్లో లేదన్నాను, పెట్టెలో ఉందన్నాను, అడిగాను, లేదంటే ఊరుకున్నాను. కొనొచ్చు అన్నది తోచలేదు. ఇంట్లో ఉప్పు నుంచి మందుబిళ్ళ దాకా కొనుక్కొచ్చేదాన్ని నేనే. మొదటి ఇంజెక్షన్ నర్సమ్మ చేసింది. నేను బతుకుతాను. మందు ఎప్పుడు పడాలో తెలిసినదాన్ని కనక బతుకుతాను. ఈ సంగతి మస్తాన్‌బీకి ఎలా చెప్పుకోవాలో తెలీదు.

కానిస్టేబుల్ తిరిగొచ్చి వరండాలో చెప్పాడు. "ఎస్సై గారు చదివారమ్మా. టీం రానీ, అప్పటిదాకా వదలనన్నారు. మీ సారుకి ఫోన్ చేస్తానన్నారు."

నన్ను సస్పెండ్ చేస్తారు. శాంపిళ్ళు విప్పింది నేను, తప్పు రాసింది నేను, అన్నిటి మీదా నా సంతకమే ఉంది.

రెండింటికి మా ఆయన కూర్చున్నాడు. అన్నం, వంకాయకూర వడ్డించాను. కలుపుకుని మొదటి ముద్ద తిన్నాడు.

"ఎన్ని కవర్లు?"

"ఒకటి. నేనే పంపాను."

ఎడమ చెయ్యి జేబులోకి వెళ్ళింది. పుస్తకం తీసేదాకా ఆగి కట్టు విప్పాను. చెయ్యి ఆయన కంచం పక్కన పెట్టాను.

"దొమ్మ. మనింట్లో, మీ అమ్మ తెచ్చిన మాంసం కడిగితే వచ్చింది. రిజిస్టరులో రాశాను, బుడే ఉప్పు ఉప్పేనని రాశాను. ఇది రాసుకోండి. ఈసారి విశ్వసనీయ వర్గాలు అనొద్దు. పేరు రాయండి."

ఆయన చేతిని చూశాడు. తర్వాత కంచాన్ని చూశాడు.

"ఆ చేత్తోనే వడ్డించావా?"

"ఇవాళ్టి వరకూ," అన్నాను. గరిటె గిన్నెలో పెట్టి లేచాను.